సోర్స్ కోడ్ నుంచి గ్రోమాక్స్: లినక్స్‌లో శాస్త్రీయ సాఫ్ట్‌వేర్‌ను కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేసుకునే పద్ధతి

బెంగళూరులో మత్తికెరె, యశ్వంతపుర వైపు అద్దె గదుల్లో ఉంటూ పరిశోధన చేసుకునే మన తెలుగు విద్యార్థుల్లో చాలామందికి లినక్స్‌తో అసలు పరిచయం ఇక్కడికి వచ్చాకే మొదలవుతుంది. ప్రోటీన్ల కదలికలను లెక్కగట్టే పని చేతికి వస్తుంది, దానికి గ్రోమాక్స్ కావాలంటారు, ల్యాబ్‌లోని సీనియరు "సోర్స్ నుంచి కంపైల్ చేసుకో" అని ఒక్క మాట చెప్పి తన పనిలో పడిపోతాడు. ఆ ఒక్క మాట వెనుక ఉన్న పనినంతా, అంటే మనుషులు రాసిన సోర్స్ కోడ్‌ను మీ యంత్రం నడపగల ప్రోగ్రామ్‌గా మార్చుకునే పనిని, మెట్టు మెట్టుగా ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణకు గ్రోమాక్స్‌ను తీసుకున్నాను గాని, ల్యాంప్స్, క్వాంటమ్ ఎస్ప్రెస్సో వంటి ఇతర సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లయినా ఐచ్ఛికాల (ఆప్షన్ల) పేర్లు మారతాయి తప్ప పని నడిచే తీరు ఇదే.

కమాండ్లను పక్కన కూర్చుని చెప్పినట్లుగా, పలికే తీరులోనే రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్న అక్షరాలూ పెద్ద అక్షరాలూ తేడా పోకుండా టైపు చేయాలి. కంపైల్‌కు ఏర్పాట్లు చేసే సీమేక్ అనే పనిముట్టుకు ఇచ్చే ఐచ్ఛికాల పేర్లు మాత్రం అన్నీ పెద్ద అక్షరాల్లోనే ఉంటాయి, ప్రతి పేరుకు ముందు ఒక డాష్, ఒక పెద్ద డి అక్షరం ఖాళీ లేకుండా రావాలి.

అసలు కంపైల్ చేయవలసిన అవసరం ఉందా?

ఉబుంటులో "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గ్రోమాక్స్" అని కొడితే రెండు నిమిషాల్లో గ్రోమాక్స్ వచ్చేస్తుంది. పాఠం నేర్చుకోవడానికో, చిన్న ఫైళ్లను విశ్లేషించడానికో అది చాలు, ఆ పనికి కంపైలర్ జోలికి వెళ్లనక్కరలేదు. కాని ఆ ప్యాకేజీని పాత ప్రాసెసర్లలో కూడా నడవాలన్న ఉద్దేశంతో తయారుచేస్తారు కాబట్టి, మీ ప్రాసెసర్‌లో ఉన్న ఏవీఎక్స్2 వంటి వెడల్పాటి వెక్టర్ సూచనలను (ఒకే దెబ్బలో చాలా అంకెల మీద లెక్క చేసే సూచనలివి, వీటినే సిమ్‌డ్ అంటారు) అది వాడుకోదు. సిమ్యులేషన్ మొదలైనప్పుడు, కంపైల్ చేసిన సిమ్‌డ్ ఒకటి, ఈ యంత్రంలో ఇంకొకటి వేగంగా ఉండవచ్చు అని గ్రోమాక్స్ స్వయంగా హెచ్చరిస్తుంది. వారాల తరబడి నడిచే సిమ్యులేషన్లకు ఆ తేడా చాలా పెద్దది. గ్రాఫిక్స్ కార్డు వాడాలన్నా, ప్లూమ్డ్ వంటి అదనపు సాఫ్ట్‌వేర్‌ను అతుకు (ప్యాచ్)గా వేయాలన్నా, ల్యాబ్ అంతా ఒకే వెర్షన్ మీద ఉండాలన్నా సోర్స్ నుంచి కట్టుకోవడమే దారి. ఇక క్లస్టర్ల (నోడ్లు అనే చాలా యంత్రాలను కలిపి కట్టిన వ్యవస్థల) సంగతి: ఐఐఎస్సీలో 2022లో నెలకొల్పిన 3.3 పెటాఫ్లాప్‌ల పరమ్ ప్రవేగ సూపర్‌కంప్యూటర్ అయినా, మీ విభాగంలో ఒక మూలన ఉన్న నాలుగు నోడ్ల క్లస్టరైనా, సాధారణ వాడుకరికి సుడో అధికారం, అంటే సిస్టమ్ మొత్తాన్ని మార్చగల అధికారం, ఇవ్వరు. అక్కడ మీకు కావలసిన వెర్షన్‌ను మీ హోమ్ డైరెక్టరీలో మీరే కట్టుకోవాలి.

యంత్రాన్ని తెలుసుకోవడం

ముందుగా నాలుగైదు కమాండ్లు కొట్టి, వచ్చిన జవాబులను ఒక ఫైల్లో రాసిపెట్టుకోండి. "ఎల్‌ఎస్‌సీపీయూ" ప్రాసెసర్ పేరును, అది అర్థం చేసుకోగల సూచనలను చూపిస్తుంది. ఆ పొడవాటి ఫ్లాగుల వరుసలో ఏవీఎక్స్2 గాని ఏవీఎక్స్512 గాని ఉన్నాయేమో వెతకాలి. "ఎన్‌ప్రాక్" ఎన్ని కోర్లున్నాయో చెబుతుంది, "ఫ్రీ డాష్ హెచ్" ఎంత ర్యామ్ ఖాళీగా ఉందో చెబుతుంది. "జీసీసీ డాష్ డాష్ వెర్షన్", "సీమేక్ డాష్ డాష్ వెర్షన్" అనే రెండింటి జవాబులు అన్నిటికన్నా ముఖ్యం.

ఎందుకంటే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఒక కనీస అర్హత ఉంటుంది. గ్రోమాక్స్ 2024కు జీసీసీ 9, సీమేక్ 3.18.4 లేదా వాటికన్నా కొత్తవి కావాలి. గ్రోమాక్స్ 2025కు జీసీసీ 11, సీమేక్ 3.28 కావాలి. ఉబుంటు 22.04లో జీసీసీ 11 ఉంది గాని సీమేక్ 3.22 మాత్రమే ఉంది, అందువల్ల 2025 వెర్షన్ అక్కడ తొలి నిమిషంలోనే ఆగిపోతుంది. దానికి ఆపరేటింగ్ సిస్టమ్ మార్చనక్కరలేదు. సీమేక్ వెబ్‌సైటులో సిద్ధంగా దొరికే బైనరీని హోమ్‌లో విప్పుకుని, దాని బిన్ ఫోల్డరును పాత్‌లో (టెర్మినల్ కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో) ముందు చేర్చుకుంటే సరిపోతుంది. సొంత ల్యాప్‌టాప్‌లో కంపైలరే లేకపోతే "బిల్డ్-ఎసెన్షియల్" అనే ప్యాకేజీని ఆప్ట్ ద్వారా వేసుకుంటే జీసీసీ, జీ ప్లస్ ప్లస్, మేక్ కలిసి వస్తాయి. క్లస్టర్‌లో అయితే "మాడ్యూల్ అవైల్" కొట్టి ఉన్న కంపైలర్ల జాబితా చూసి, కావలసినదాన్ని "మాడ్యూల్ లోడ్"తో ఎక్కించుకోవాలి.

ఇక్కడే ఇంకో జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరకు వచ్చే సందేహాల్లో సగం దీనివల్లే పుడతాయి. పైథాన్ కోసం కోండా వేసుకున్నవారికి టెర్మినల్ తెరవగానే వరుస మొదట్లో బ్రాకెట్లలో "బేస్" అని కనిపిస్తుంది. ఆ స్థితిలో కంపైల్ చేస్తే, సీమేక్ కొన్ని లైబ్రరీలను సిస్టమ్ నుంచి, కొన్నింటిని కోండా నుంచి ఏరుకుని రెంటికీ చెడిన రేవడిలా తయారవుతుంది. అది కంపైల్ అయినట్టే కనిపించి, నడిపేటప్పుడు ఎక్కడో కూలుతుంది. కంపైల్‌కు ముందు "కోండా డీయాక్టివేట్" కొట్టి, ఆ "బేస్" పోయిందని కళ్లారా చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

చోటు ఏర్పాటు

హోమ్‌లో మూడు ఫోల్డర్లు చేసుకోండి: సోర్స్‌కు ఒకటి, బిల్డ్‌కు ఒకటి, పూర్తయిన సాఫ్ట్‌వేర్‌కు "యాప్స్" అనే ఒకటి. యాప్స్ లోపల ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ వెర్షన్ అంకెతో సహా విడి ఫోల్డరు ఉండాలి. ఐచ్ఛికం ఇవ్వకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు యూఎస్ఆర్ లోపలి లోకల్ ఫోల్డరులోకి వెళ్లి కూర్చుంటాయి. అక్కడ పదిరకాల ఫైళ్లు కలిసిపోయాక ఏది దేనిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఫోల్డరు పేర్లలో ఖాళీలు ఉండకూడదు. "మై ప్రాజెక్ట్" అని మధ్యలో ఖాళీతో పేరు పెట్టి, పాత కాన్ఫిగర్ స్క్రిప్టులు అర్థంలేని ఎర్రర్లు ఇస్తున్నాయని తల పట్టుకున్నవారిని చూశాను.

సోర్స్‌ను సాఫ్ట్‌వేర్ అధికారిక వెబ్‌సైటు నుంచే టార్ ఫైలుగా దించుకోవాలి, పక్కన ఇచ్చిన చెక్‌సమ్ అంకెతో సరిచూసుకోవాలి, "టార్ ఎక్స్ఎఫ్"తో విప్పాలి. ఈ మెట్టుకు అంతకన్నా వివరణ అక్కరలేదు.

ముందు చిన్నది: ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ

గ్రోమాక్స్ దూరంగా ఉన్న విద్యుదావేశాల మధ్య బలాలను లెక్కగట్టడానికి ఫూరియే పరివర్తన వాడుతుంది, ఆ పనికి ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ అనే లైబ్రరీని ఆశ్రయిస్తుంది. దీన్ని ఎంఐటీలో మత్తెయో ఫ్రీగో, స్టీవెన్ జాన్సన్ రూపొందించారు. "జీఎంఎక్స్_బిల్డ్_ఓన్_ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ" అనే ఐచ్ఛికానికి "ఆన్" అని ఇస్తే గ్రోమాక్స్ దానంతటదే ఈ లైబ్రరీని దించుకుని కట్టుకుంటుంది. అయినా మొదటిసారి చేతితో కట్టడమే మంచిదని నా అభిప్రాయం. ఒకటి, క్లస్టర్ నోడ్లకు చాలాచోట్ల ఇంటర్నెట్ ఉండదు. రెండు, ఐదు నిమిషాల్లో ముగిసే ఈ చిన్న లైబ్రరీ మీద కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అనే మూడు అడుగులు చేతికి అలవాటవుతాయి.

ఈ లైబ్రరీని గిట్‌హబ్ నుంచి కాకుండా దాని సొంత వెబ్‌సైటులోని టార్ ఫైలుగానే తీసుకోవాలి. ఇందులోని సీ కోడ్‌లో చాలా భాగం మనుషులు రాసినది కాదు, ఓకామెల్ భాషలో రాసిన ఒక ప్రోగ్రామ్ పుట్టించినది. టార్ ఫైల్లో ఆ పుట్టిన కోడ్ సిద్ధంగా ఉంటుంది. గిట్‌హబ్‌లో అది ఉండదు, ఓకామెల్ వేసుకుని మీరే పుట్టించుకోవాలి.

విప్పిన ఫోల్డరులోకి వెళ్లి "డాట్ స్లాష్ కాన్ఫిగర్" కొడుతూ దానికి ఈ ఐచ్ఛికాలు ఇవ్వాలి. "ప్రిఫిక్స్"కు యాప్స్ లోపల మీరు అనుకున్న ఫోల్డరు పూర్తి దారి ఇవ్వాలి. "ఎనేబుల్-షేర్డ్" ఇస్తే డాట్ ఎస్ఓ రూపంలో లైబ్రరీ వస్తుంది. "ఎనేబుల్-ఎస్ఎస్ఈ2", "ఎనేబుల్-ఏవీఎక్స్", "ఎనేబుల్-ఏవీఎక్స్2" ఇవ్వకపోతే లైబ్రరీ నెమ్మదిగా నడుస్తుంది, గ్రోమాక్స్ కూడా ఆ సంగతి పసిగట్టి హెచ్చరిస్తుంది. చివరిది, అందరూ మరిచిపోయేది, "ఎనేబుల్-ఫ్లోట్". గ్రోమాక్స్ మామూలుగా మిశ్రమ ఖచ్చితత్వంతో నడుస్తుంది కాబట్టి దానికి సింగిల్ ప్రెసిషన్ లైబ్రరీ కావాలి. ఈ ఐచ్ఛికం లేకుండా కడితే డబుల్ ప్రెసిషన్ లైబ్రరీ వస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక లిబ్ ఫోల్డరులో చూడండి: ఫైలు పేరు 3 అంకెతో ముగిస్తే అది డబుల్, 3 తరువాత ఎఫ్ అక్షరం ఉంటే సింగిల్. ఆ ఒక్క అక్షరం కోసం ఒక ఆదివారం మధ్యాహ్నమంతా నేను పోగొట్టుకున్నాను. లైబ్రరీ కళ్లముందే ఉన్నా గ్రోమాక్స్ దొరకలేదంటూ ఉంటే, తప్పు దానిదే అనుకున్నాను.

కాన్ఫిగర్ ముగిశాక "మేక్", ఆపైన "మేక్ ఇన్‌స్టాల్" కొట్టాలి. ప్రిఫిక్స్ మీ హోమ్‌లోనే ఉంది కాబట్టి సుడో అవసరం లేదు. ఎక్కడైనా ఈ పద్ధతిలో సుడో అడుగుతున్నదంటే ప్రిఫిక్స్ తప్పు ఇచ్చారని అర్థం.

గ్రోమాక్స్ కాన్ఫిగరేషన్

గ్రోమాక్స్ సీమేక్‌ను వాడుతుంది. బిల్డ్ కోసం చేసుకున్న ఖాళీ ఫోల్డరులోకి వెళ్లి, సీమేక్‌కు సోర్స్ ఫోల్డరు దారిని, దాని వెంట ఐచ్ఛికాలను ఇవ్వాలి. "సీమేక్_ఇన్‌స్టాల్_ప్రిఫిక్స్" గమ్యాన్ని చెబుతుంది. "సీమేక్_ప్రిఫిక్స్_పాత్"కు మనం కట్టిన ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ ఫోల్డరు ఇస్తే సీమేక్ అక్కడ వెతుకుతుంది. "సీమేక్_సీ_కంపైలర్", "సీమేక్_సీఎక్స్ఎక్స్_కంపైలర్" అనే రెండింటిలో జీసీసీ, జీ ప్లస్ ప్లస్‌ల దారులు స్పష్టంగా ఇవ్వడం నా అలవాటు; ఇవ్వకపోయినా పని జరుగుతుంది, కాని రెండు కంపైలర్లున్న యంత్రంలో అది దేన్ని ఎంచుకుంటుందో అదృష్టానికి వదిలేసినట్లవుతుంది. "రిగ్రెషన్‌టెస్ట్_డౌన్‌లోడ్"కు "ఆన్" ఇస్తే తరువాత వాడే పరీక్షలు వస్తాయి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే "జీఎంఎక్స్_జీపీయూ"కు "కూడా" (CUDA) అని, ఒకటికన్నా ఎక్కువ నోడ్ల మీద నడపాలంటే "జీఎంఎక్స్_ఎంపీఐ"కి "ఆన్" అని ఇవ్వాలి. ఒకే యంత్రం మీద నడిపేవారికి ఎంపీఐ అక్కరలేదు, గ్రోమాక్స్‌లో అంతర్గతంగా ఉన్న థ్రెడ్-ఎంపీఐ చాలు.

"జీఎంఎక్స్_సిమ్‌డ్" గురించి కొంచెం ఆగి చెప్పాలి. దీన్ని ఇవ్వకపోతే, కంపైల్ జరుగుతున్న యంత్రానికి ఏది ఉత్తమమో సీమేక్ తానే కనిపెడుతుంది. సొంత ల్యాప్‌టాప్‌లో అది మంచిదే. క్లస్టర్‌లో మాత్రం మీరు కంపైల్ చేసేది లాగిన్ నోడ్ మీద, పని నడిచేది కంప్యూట్ నోడ్ మీద. లాగిన్ నోడ్ కొత్తదై ఏవీఎక్స్512 అర్థం చేసుకుని, కంప్యూట్ నోడ్లు పాతవై ఏవీఎక్స్2తోనే ఆగిపోతే, ఆ పని (జాబ్) మొదలైన క్షణంలోనే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని చచ్చిపోతుంది. అందువల్ల కంప్యూట్ నోడ్ మీద ఎల్‌ఎస్‌సీపీయూ నడిపి చూసి, దానికి తగినట్లు "ఏవీఎక్స్2_256" అని స్పష్టంగా ఇవ్వండి, లేదా క్లస్టర్‌లో పనులను వరుసపెట్టే స్లర్మ్ ద్వారా ఒక కంప్యూట్ నోడ్‌ను అడిగి తీసుకుని అక్కడే కంపైల్ చేయండి. రెండోదే మర్యాద కూడా; లాగిన్ నోడ్ మీద పెద్ద కంపైల్ పెడితే మిగతావారి టెర్మినళ్లు నత్తనడక నడుస్తాయి.

సీమేక్ ముగిశాక అది తెర మీద పరిచిన వరుసలను పైనుంచి కిందికి చదవాలి. ఏ కంపైలర్ దొరికింది, ఏ సిమ్‌డ్ ఎంచుకుంది, ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ ఏ ఫోల్డరులో దొరికింది అన్న మూడింటికీ జవాబు అందులో ఉంటుంది. దారుల్లో ఎక్కడైనా కోండా పేరు కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఐచ్ఛికం మార్చి మళ్లీ సీమేక్ కొట్టేటప్పుడు, ముఖ్యంగా కంపైలర్ మార్చినప్పుడు, బిల్డ్ ఫోల్డరును పూర్తిగా ఖాళీ చేయాలి. పాత జవాబులను సీమేక్ ఒక కాష్ ఫైల్లో దాచుకుంటుంది, మీరు కొత్తగా చెప్పినా కొన్నిసార్లు పాతమాటే పట్టుకుని కూర్చుంటుంది.

మేక్, దాని ఎర్రర్లు

మేక్ అనే పనిముట్టును 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ తయారుచేశాడు. ఏ ఫైలు మారితే ఏది మళ్లీ కట్టాలో లెక్క చూసుకోవడమే దాని పని, ఇప్పటికీ అదే పని చేస్తున్నది. "మేక్ డాష్ జె 4" అంటే ఒకేసారి నాలుగు ఫైళ్లను కంపైల్ చేస్తుంది. దూరపు యంత్రం మీద అయితే టీమక్స్ లోపల నడపండి, వైఫై పోయినా పని ఆగదు. తెర మీద వచ్చేదంతా "టీ" కమాండు ద్వారా ఒక లాగ్ ఫైల్లోకి కూడా పంపడం మరిచిపోవద్దు.

మా పక్క గదిలో ఉండే గుంతకల్లు కుర్రాడు ఒకరోజు పొద్దున్నే తలుపు తట్టి, "అన్నా, రాత్రి తొంభై శాతం దాటింది, లేచి చూస్తే ఆగిపోయి ఉంది, ఇన్నిసార్లు ఎర్రర్ 2 అంటుందే గాని ఏమైందో చెప్పట్లేదు" అన్నాడు. చివరి పది వరుసల్లో ఉన్నది నిజంగానే "ఎర్రర్ 2" మాత్రమే. అది మేక్ తన పై మేక్‌కు, ఆ మేక్ దాని పైదానికి చెప్పుకునే చావుకబురు, కారణం కాదు. లాగ్ ఫైల్లో మొదటి ఎర్రర్‌ను వెతికితే వందల వరుసల పైన దొరికింది: "కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్". అంటే కోడ్‌లో ఏ తప్పూ లేదు. మెమరీ చాలక లినక్స్ కెర్నల్ కంపైలర్‌నే చంపేసింది. ఆ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, తెరిచి ఉంచిన బ్రౌజరు, దాని మీద "డాష్ జె 16". బ్రౌజరు మూయించి, ఏమీ చెరపకుండా "మేక్ డాష్ జె 2" కొట్టించాను. మేక్ అప్పటికే పూర్తయిన ఫైళ్ల జోలికి పోకుండా ఆగినచోటి నుంచే అందుకుంది. టీ తాగి వచ్చేసరికి నూరు శాతం అయింది. కోర్ల సంఖ్యను బట్టి కాకుండా, ఒక్కో పనికి ఒకటి రెండు జీబీల ర్యామ్ చొప్పున లెక్కవేసి ఆ అంకె ఇవ్వడం నయం.

మిగతా ఎర్రర్లను అవి పుట్టే దశను బట్టి గుర్తుపట్టవచ్చు. "నో సచ్ ఫైల్" అంటూ డాట్ హెచ్ ఫైలు పేరు వస్తే హెడర్ దొరకలేదని అర్థం; ఉబుంటులో అయితే ఆ లైబ్రరీ పేరు చివర "-డెవ్" ఉన్న ప్యాకేజీ వేయాలి, ఎందుకంటే అక్కడ లైబ్రరీ ఒక ప్యాకేజీలో, హెడర్లు మరో ప్యాకేజీలో ఉంటాయి. "కెనాట్ ఫైండ్ డాష్ ఎల్" అని ఒక పేరు వస్తే లింకర్‌కు ఆ లైబ్రరీ ఫైలు కనబడలేదు. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" వస్తే కావలసిన లైబ్రరీని లింకులో చేర్చలేదు, లేదా చేర్చినది వేరే వెర్షన్. సమాంతరంగా నడిచే మేక్‌లో ఎర్రర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతే, "డాష్ జె 1" ఇచ్చి "వెర్బోస్=1" చేర్చి మళ్లీ నడిపితే విఫలమైన కంపైల్ కమాండు పూర్తిగా కనిపిస్తుంది.

పరీక్ష, ఇన్‌స్టాల్

కంపైల్ పూర్తి కావడం వేరు, సరైన జవాబులు రావడం వేరు. తప్పుడు కంపైలర్‌తో కట్టిన ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ ఇవ్వకుండా తప్పు అంకెలు ఇవ్వగలదు. అందుకే ఇన్‌స్టాల్‌కు ముందు "మేక్ చెక్" నడపాలి. పరీక్ష ఏదైనా విఫలమైతే దాని పేరు, తేడా ఎంత వచ్చిందన్నది చూడండి. కారణం తేలేవరకు ఆ బిల్డ్‌తో సిమ్యులేషన్ మొదలుపెట్టకండి. అన్నీ నెగ్గాక "మేక్ ఇన్‌స్టాల్".

ఇన్‌స్టాల్ అయిన ఫోల్డరులోని బిన్ లోపల "జీఎంఎక్స్ఆర్‌సీ" అనే ఫైలు ఉంటుంది. దాన్ని "సోర్స్" కమాండుతో ఎక్కించి, "జీఎంఎక్స్ డాష్ డాష్ వెర్షన్" కొట్టండి. ప్రెసిషన్, ఎంపీఐ, సిమ్‌డ్, ఎఫ్ఎఫ్‌టీ లైబ్రరీ, కంపైలర్ వరుసలన్నీ మీరు అనుకున్నట్లే ఉన్నాయా అని మొదట రాసిపెట్టుకున్న వివరాలతో పోల్చాలి. "షేర్డ్ లైబ్రరీ తెరవలేకపోతున్నాను" అన్న అర్థంలో ఎర్రర్ వస్తే, "ఎల్‌డీడీ" కమాండుకు ఆ ప్రోగ్రామ్ దారి ఇస్తే ఏ లైబ్రరీ ఎదుట "నాట్ ఫౌండ్" ఉందో తెలుస్తుంది. దాని ఫోల్డరును "ఎల్‌డీ_లైబ్రరీ_పాత్"లో చేర్చాలి. "జీలిబ్‌సీఎక్స్ఎక్స్_3.4.30 దొరకలేదు" అని వస్తే, మీరు జీసీసీ 12 లేదా ఇంకా కొత్తదానితో కట్టి, నడిపేటప్పుడు దానికన్నా పాత లైబ్రరీని ఎక్కించారన్నమాట. క్లస్టర్‌లో కంపైల్ నాడు ఎక్కించిన కంపైలర్ మాడ్యూల్‌ను జాబ్ స్క్రిప్టులో కూడా ఎక్కిస్తే అది తీరిపోతుంది.

మీ సొంత సిమ్యులేషన్‌లో ఒక చిన్న భాగాన్ని ఆప్ట్ ద్వారా వచ్చిన గ్రోమాక్స్‌తో ఒకసారి, దీనితో ఒకసారి నడిపి, లాగ్ ఫైలు చివర "పెర్ఫార్మెన్స్" ఎదుట ఉండే రోజుకు ఎన్ని నానోసెకన్లు అన్న అంకెను పోల్చండి. వేగం పెరగకపోతే సిమ్‌డ్ వరుసనూ ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ వరుసనూ మళ్లీ చూడాలి.

చివరగా, కొట్టిన సీమేక్ కమాండును యథాతథంగా, ఎక్కించిన మాడ్యూళ్ల జాబితాతో సహా ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి, ఇన్‌స్టాల్ ఫోల్డరులోనే పెట్టండి. ఏడాది తరువాత వ్యాసం అచ్చుకు పంపేటప్పుడు పద్ధతుల విభాగంలో రాయవలసిన వివరాలు అవే. బిల్డ్ ఫోల్డరును తీసేయవచ్చు, క్లస్టర్‌లో కోటా మిగులుతుంది. టార్ ఫైలును మాత్రం ఉంచుకోండి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు యాప్స్‌లో దాని పేరిట మరో ఫోల్డరు చేసి పక్కనే కట్టుకోండి. మొదలుపెట్టిన సిమ్యులేషన్లు పాతదాని మీదే ముగిశాక, ఆ ఒక్క ఫోల్డరును చెరిపేస్తే పాత వెర్షన్ పూర్తిగా పోతుంది.